పైథాన్ బేసిక్స్ అయ్యాయి, కానీ సొంతంగా ఏమీ రాయలేకపోతున్నా. ఏ సైట్లు ఫాలో అవ్వాలి?

కొత్త_కోడర్:
అందరికీ నమస్తే. మూడు నెలల నుంచి పైథాన్ నేర్చుకుంటున్నా. యూట్యూబ్‌లో ఒక పెద్ద ప్లేలిస్ట్ మొత్తం చూసేశా, చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది కానీ ఖాళీ ఫైల్ ఓపెన్ చేసి కూర్చుంటే మొదటి లైన్ ఏం రాయాలో కూడా తోచట్లేదు, సరే అని ఇంకో కోర్స్ మొదలుపెడితే అక్కడా మళ్ళీ వేరియబుల్స్, లూప్స్ దగ్గర్నుంచే. బుక్‌మార్క్స్‌లో నలభై లింకులు పోగయ్యాయి. ఈ స్టేజ్ దాటినవాళ్ళు నిజంగా ఏం వాడారో చెప్పండి ప్లీజ్, ఫ్రీవి అయితే మంచిది.
ఇంకోటి, నిన్న ఒక లిస్ట్‌ని కాపీ చేసుకుని ఆ కాపీలోంచి ఒక ఐటమ్ తీసేస్తే అసలు లిస్ట్‌లోంచి కూడా పోయింది. రెండు గంటలు చూశా, అర్థం కాలేదు. ఇలాంటివి వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలి?

బ్యాకెండ్_అన్న:
లిస్ట్ సంగతి ముందు చూద్దాం బ్రో. బి ఈక్వల్స్ ఎ (b = a) అని రాసి ఉంటావు. పైథాన్‌లో అలా రాస్తే కాపీ అవ్వదు, ఉన్న ఒక్క లిస్ట్‌కే రెండో పేరు పెట్టినట్టు అవుతుంది. నేను చెప్పింది నమ్మి ఊరుకోకు, పైథాన్ ట్యూటర్ అని ఒక సైట్ ఉంది, నీ కోడ్ అక్కడ పేస్ట్ చేసి ఒక్కో లైన్ ముందుకి జరుపుతూ చూడు, ఏ పేరు మెమరీలో దేన్ని పట్టుకుందో బాణాలు వేసి చూపిస్తుంది. కొత్తవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పే సైట్ ఇదే.
ఇక కోర్స్ కావాలంటే హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 పైథాన్ చెయ్యి. లెక్చర్లు, ప్రాబ్లమ్ సెట్లు అన్నీ ఫ్రీగానే ఉంటాయి. లెక్చర్లు బాగుంటాయి కానీ అసలు విలువ ప్రాబ్లమ్ సెట్లలో ఉంది, నువ్వు రాసిన కోడ్‌ని వాళ్ళ టెస్టులు చెక్ చేసి ఎక్కడ తప్పిందో చెప్తాయి, చివర్లో సొంత ప్రాజెక్ట్ ఒకటి కట్టి సబ్మిట్ చెయ్యాలి. ఖాళీ ఫైల్ భయం అక్కడే పోతుంది.

సెమికోలన్:
అన్నా, కోర్స్ మంచిదే, కాదనను, కానీ ఇతనికి ఇప్పుడు ఇంకో కోర్స్ కావాలా? నా లెక్కన వీడియోలు కొన్నాళ్ళు పూర్తిగా ఆపేసి ఎక్సర్‌సిజం అనే ప్రాక్టీస్ సైట్‌లో పైథాన్ ట్రాక్ తీసుకోవాలి. ఫ్రీనే. ఒక్కో లెక్కకి టెస్టులు ముందే రాసి ఇస్తారు, అవి పాస్ అయ్యేదాకా మనమే తంటాలు పడాలి. పాస్ అయ్యాక అదే లెక్క మిగతావాళ్ళు ఎలా రాశారో చూడొచ్చు, నేను ఇరవై లైన్లు రాసిన చోట ఇంకొకళ్ళు డిక్షనరీ (ఒక్కో పేరుకి ఒక్కో విలువ జతచేసి దాచుకునేది) వాడి నాలుగు లైన్లలో తేల్చేశారు, నాకు డిక్షనరీ ఎందుకో ఆ రోజే తెలిసింది.
సైట్ ఏదైనా ఎప్పటిదో చూసుకో. ఉదాహరణకి ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా కోడ్ కనిపిస్తే అది పైథాన్ 2, దానికి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది, ఆ పేజీ మూసెయ్. కోడింగ్ డౌట్లు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ 2008 నుంచి ఉంది కాబట్టి అక్కడ పాత జవాబులు చాలా ఉంటాయి, పచ్చ టిక్ (ప్రశ్న అడిగినవాళ్ళు ఒప్పుకున్న జవాబు) ఉన్నదే కాపీ కొట్టెయ్యకుండా తేదీ చూసి, కింద ఉన్న మిగతా జవాబులు, కామెంట్లు కూడా చదువు.

డీబగ్_అక్క:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఎర్రర్ మెసేజ్ చదవడం నేర్చుకోండి. చాలామంది ఎర్ర అక్షరాలు కనపడగానే స్క్రీన్ మొత్తం తీసి గూగుల్‌లో పడేస్తారు. ట్రేస్‌బ్యాక్‌లో, అంటే ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపించే ఆ మెసేజ్ మొత్తంలో, అన్నిటికంటే కింద ఉన్న లైన్ ముందు చదవండి, ఎర్రర్ పేరు, కారణం అక్కడే ఉంటాయి, దాని పైన మీ ఫైల్ పేరు, లైన్ నంబర్. వెతికేటప్పుడు మీ ఫైల్ పేర్లు, మీ వేరియబుల్ పేర్లు తీసేసి మిగతాది కొట్టండి, అప్పుడే వేరేవాళ్ళకి వచ్చిన అదే ఎర్రర్ దొరుకుతుంది. పాత వెర్షన్ వాడుతుంటే మార్చండి, 2021లో వచ్చిన 3.10 నుంచి ఎర్రర్లు చాలా స్పష్టంగా ఉన్నాయి, ఏ బ్రాకెట్ మూయలేదో కూడా చూపిస్తుంది.
పైథాన్ అఫీషియల్ డాక్స్‌లో ట్యుటోరియల్ అని ఒక భాగం ఉంది, మొదట్లో గట్టిగా అనిపిస్తుంది, రోజుకి ఒక సెక్షన్ చాలు, ప్రతి ఉదాహరణ చేత్తో టైప్ చేసి కొంచెం మార్చి చూడండి. వెబ్ వైపు వెళ్తే మాత్రం ఎండీఎన్, అంటే మొజిల్లా వాళ్ళ వెబ్ డాక్స్ సైట్. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో), గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల్ని దాచిపెట్టే టూల్) అంటే బెదురుంటే ఎంఐటీ వాళ్ళ మిస్సింగ్ సెమిస్టర్ అనే కోర్స్ చూడండి, కాలేజీ క్లాసుల్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పని పనిముట్లన్నీ అందులో ఉంటాయి.
ఏఐని అడగడం తప్పు కాదు. కాకపోతే కోడ్ రాసివ్వమనకండి, నా కోడ్ ఎందుకు తప్పుతోందో ఒక్క హింట్ ఇవ్వు అని అడగండి.

కొత్త_కోడర్:
అన్నా, పైథాన్ ట్యూటర్‌లో పెట్టి చూశా, రెండు పేర్ల బాణాలూ ఒకే లిస్ట్ మీదకి వెళ్తున్నాయి!! మూడు నెలల్లో ఇంత క్లియర్‌గా ఏదీ అర్థం కాలేదు. కాపీ మెథడ్ వాడితే సరిపోయింది. బుక్‌మార్క్స్ అన్నీ తీసేశా, ఎక్సర్‌సిజం ఒక్కటే ఉంచా, అక్క చెప్పిన ట్యుటోరియల్ పక్కన పెట్టుకుంటా. కానీ లిస్ట్ లోపల ఇంకో లిస్ట్ ఉంటే కాపీ చేసినా మళ్ళీ అదే గోల, అదేంటి?

బ్యాకెండ్_అన్న:
కాపీ మెథడ్ బయటి లిస్ట్‌ని మాత్రమే కొత్తగా చేస్తుంది బ్రో, లోపలివి పాతవే ఉంటాయి. దీన్నే షాలో కాపీ అంటారు. అఫీషియల్ డాక్స్‌లో కాపీ మాడ్యూల్ పేజీ తెరువు, చాలా చిన్న పేజీ, లోపలివి కూడా కొత్తగా చేసే డీప్‌కాపీ గురించి అందులోనే ఉంది. చదివి, మళ్ళీ ట్యూటర్‌లో పెట్టి బాణాలు ఎలా మారాయో ఇక్కడ రాయి.