తప్పెటగుళ్ల క్యాసెట్లు డిజిటల్ చేయించాలి, డబ్బు ఎవరిస్తారు?

గొల్లవీధి_రాజాం:
అందరికీ నమస్తే. మాది రాజాం దగ్గర పల్లె. మా ఊరి తప్పెటగుళ్ల (రొమ్ము మీద తప్పెట వాయిస్తూ ఆడిపాడే మా ఉత్తరాంధ్ర జానపద కళ) గురువుగారు పోయాక వాళ్లింట్లో ట్రంకుపెట్టె నిండా క్యాసెట్లు దొరికాయి. గంగమ్మ పాటలు, కాటమరాజు కథ, తెల్లవార్లూ ఆడినవి, గజ్జెల చప్పుడుతో సహా వినిపిస్తున్నాయి. కొన్నిటికి టేపు మీద తెల్లగా బూజు పట్టింది. ఒకాయన వచ్చి, డిజిటల్ చేసి పెడతాం, పెట్టె మొత్తం మాకిచ్చేయండి అన్నాడు. గురువుగారి అబ్బాయి ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు. విదేశీ గ్రాంట్లు, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే ఖర్చు) ఉంటాయంటారు కదా, అవి మా బృందానికి నేరుగా వస్తాయా?

నాగావళి_గట్టు:
పెట్టె ఇవ్వకపోవడం చాలా మంచి పని తమ్ముడూ. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ అని ఒకటి 2004 నుంచి నడుపుతోంది, డబ్బు ఆర్కేడియా అనే దాతృత్వ సంస్థది. వాళ్లే అసలు ప్రతులు దేశం దాటకూడదంటారు, కాపీ ఒకటి స్థానికంగా ఉండాల్సిందే. అయితే అది పాత కాలపు రాతప్రతులు, కాగితాలకు ఎక్కువ పనికొస్తుంది. మీ క్యాసెట్లకు సరిపోయేది అమెరికాలో యూసీఎల్ఏ లైబ్రరీ 2018లో మొదలుపెట్టిన మోడర్న్ ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్. దానికీ ఆర్కేడియా డబ్బే. 20వ శతాబ్దం నుంచి ఇటువైపువి తీసుకుంటారు, ఆడియో కూడా.

చిక్కు మన దగ్గరే ఉంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ డబ్బు తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మీకు పంచుదామన్నా 2020 సవరణ తర్వాత కుదరదు, వచ్చిన సొమ్ము ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే మనుషుల్ని పెట్టుకోవడం, మెషీన్లు కొనడం అన్నీ ఆ సంస్థే చేయాలి. మీరు అందులో భాగస్వాములు కావాలి, అదీ రాతపూర్వకంగా. క్యాసెట్లు ఎవరివి, కాపీలు ఎక్కడెక్కడ ఉంటాయి, ఎవరు వాడుకోవచ్చు అన్నవి దరఖాస్తుకు ముందే తేలిపోవాలి. డబ్బు వచ్చాక ఈ మాటలు ఎత్తితే గొడవలే.

పైడిభీమవరం_షిఫ్ట్:
సీఎస్‌ఆర్ మీకు దగ్గర దారి. కంపెనీల చట్టం సెక్షన్ 135 కిందకు వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. ఆ డబ్బు వేటికి ఖర్చు పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో సంప్రదాయ కళలు ఉన్నాయి కాబట్టి తప్పెటగుళ్లు అర్హమే. కానీ సీఎస్‌ఆర్-1 నమోదు (సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేయించుకునేది), ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉన్న ట్రస్టు ద్వారా వెళ్లాలి. ఇంకో సంగతి, డిజిటల్ చేయడానికి, కంప్యూటర్లకి అడిగితే ఇస్తారు, నాలుగేళ్ల తర్వాత హార్డ్ డిస్క్ మార్చడానికి ఎవరూ ఇవ్వరు. బడ్జెట్‌లో ఆ లైను మొదటే రాయండి. చట్టం ప్రకారం మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకు నడిచే ప్రాజెక్టు పెట్టుకోవచ్చు, దాన్నే అడగండి.

కథల_పిచ్చి:
మన శ్రీకాకుళంలోనే తెలుగు కథల లైబ్రరీ కథానిలయం ఉంది కదా! కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తనకొచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997లో మొదలుపెట్టారు, ఇవాళ వేల కథల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడ ముందు కూడబెట్టడం, జాబితా రాయడం జరిగాయి. మీరూ ముందు జాబితా రాయండి, ప్రతి క్యాసెట్‌కీ నంబరు, పాడినవాళ్లు, ఊరు, సుమారు ఏడాది. అది చేతిలో ఉంటే ఏ సంస్థ అయినా కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

ఈలోగా క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి చూడండి, అవి విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. బూజు పట్టినవి మాత్రం దయచేసి ప్లేయర్లో పెట్టకండి, బూజు ప్లేయర్లో టేపు తగిలే హెడ్‌కి అంటుకుని మిగతావాటికి పాకుతుంది, విడిగా పొడిగా ఉంచండి. కాపీలు ఒకేచోట వద్దు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలే నెలల తరబడి ఆగిపోయాయి, అంత పెద్ద సంస్థకే అలా అయింది.

గొల్లవీధి_రాజాం:
చాలా థాంక్సండీ. జాబితా ఈ వారమే మొదలుపెడతాం. పాడినవాళ్లలో సగం మంది చెన్నైలో, హైదరాబాద్‌లో కూలి పనుల్లో ఉన్నారు, వాళ్ల అనుమతి కూడా కావాలా?

నాగావళి_గట్టు:
కావాలి, పాడినవాళ్లకూ హక్కులుంటాయి. సంక్రాంతికి అందరూ ఊరొస్తారుగా, అప్పుడు పాటలు వినిపించి సంతకాలు తీసుకోండి. ఎవరైనా ఫలానా పాట బయటపెట్టొద్దంటే అది ఆన్‌లైన్‌లో పెట్టకండి, ఒప్పందంలోనూ ఆ మాట రాయించండి.