అప్‌డేట్: నల్గొండలో హీట్ పంప్ గీజర్ లెక్క తేలింది

నేను అడిగింది గుర్తుందా? ఇంట్లో 200 లీటర్ల హీట్ పంప్ గీజర్ (చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచేది) పెట్టించాం, కంపెనీ చెప్పిన ఆదా నిజంగా వస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలని. మీరు చెప్పినట్టే దానికి విడిగా సబ్ మీటర్ పెట్టించాను. చన్నీళ్ల పైపుకి, వేణ్నీళ్ల పైపుకి టెంపరేచర్ సెన్సర్లు అంటించి, పైన ఫోమ్ గట్టిగా చుట్టాను. ఫోమ్ లేకపోతే మన ఎండకి పైపే కాలిపోయి రీడింగ్ ఎందుకూ పనికిరాదు.

లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1.16 వాట్ అవర్లు కావాలి. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి, 200 లీటర్లు 25 నుంచి 50 డిగ్రీలకు రావాలంటే దాదాపు 5.8 యూనిట్లు. మామూలు గీజరైతే కనీసం అంత కరెంటు లాగుతుంది. మాది డిసెంబరులో 2 యూనిట్లతో పని కానిచ్చింది. టైమర్‌ని తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి మార్చాక ఇంకా తగ్గింది. గాలి వెచ్చగా ఉంటే మోటారుకి శ్రమ తక్కువ కదా. నాకు బాగా సంతోషమనిపించింది ఇదే.

బ్రిటన్‌లో చాలామంది ఇళ్లు వెచ్చబెట్టే హీట్ పంపుల రీడింగులు అందరికీ కనిపించేలా పెడుతున్నారు. మనమూ పెడదాం. మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు వాళ్లు ఎవరైనా వాడుతుంటే యూనిట్లతో పాటు గీజర్‌లోకి వచ్చే మేడ మీది ట్యాంకు నీళ్ల వేడి కూడా తప్పకుండా రాయండి. మే నెలలో ఆ నీళ్లు ముందే కాగి ఉంటాయి, యూనిట్లు ఒక్కటే చూస్తే ఆ ఘనతంతా మెషీన్‌కే పోతుంది.