ఎడమ స్పీకర్‌కి లావు వైరు వేస్తే బేస్ బాగుపడుతుందా?

స్పీకర్లు 4 ఓమ్స్‌వి. కుడివైపుకి 2 మీటర్ల వైరు సరిపోయింది, ఎడమవైపుకి గోడ చుట్టూ తిప్పి 8 మీటర్లు లాగాల్సి వచ్చింది. రెండూ 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లే. ఎడమవైపు బేస్ వదులుగా, బొంయ్‌మంటూ వస్తోంది. స్పీకర్లు అటూ ఇటూ మార్చాను, ఆంప్లిఫయర్ ఛానెళ్లూ మార్చాను. తేడా ఎడమవైపే ఉంది. నల్లబడిన వైరు కొసలు కత్తిరించి, కొత్తగా ఒలిచి, బనానా ప్లగ్గులు (వైరు కొసకి బిగించి సాకెట్‌లో గుచ్చే పిన్నులు) పెట్టాను. చిటపటలు పోయాయి, బేస్ మాత్రం అలాగే ఉంది.

లెక్క వేస్తే రానూపోనూ 16 మీటర్లకు నిరోధం దాదాపు 0.37 ఓమ్. 4 ఓమ్స్ ముందు ఇది తక్కువేం కాదు. కానీ ఎడమ స్పీకర్ గది మూలలో ఉంది, బేస్ బొంయ్‌మనడానికి అదీ కారణమేమోనని అనుమానం (జరపడానికి చోటు లేదు). వెండి పూత వైర్ల జోలికి మాత్రం పోను.

2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు వేస్తే చెవికి తేడా తెలుస్తుందా?