బాష్పోత్సేకంలో ‘ఉత్సేకం’ అంటే ఏమిటి?

సభ్యులకు నమస్కారం. మా అమ్మాయి తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ చదువుతోంది. నిన్న రాత్రి వృక్షశాస్త్రం పుస్తకం తెచ్చి, “నాన్నా, బాష్పీభవనం అంటే ఆవిరి కావడం. మరి బాష్పోత్సేకంలో ఉత్సేకం ఏంటి?” అని అడిగింది. అదీ ఆవిరేనమ్మా అన్నాను. “రెండింటికీ తేడా రాయమంటారు, ఒకటే అని ఎలా రాయను?” అంది. నాకు తెలిసిన బాష్పాలు ఆనందబాష్పాలు, పేపర్లో కనిపించే బాష్పవాయువు. రెండు చోట్లా కన్నీరే. ఆకుకీ కన్నీటికీ సంబంధం ఏమిటో, ఈ ఉత్సేకం ఎక్కడిదో తెలిసినవాళ్లు చెప్పగలరా?

—

మీ అమ్మాయి ప్రశ్న చాలా నచ్చిందండీ. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఈ మాటను విడదీసి చెప్పకుండా బట్టీ పట్టించడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

సంస్కృతంలో బాష్పం అంటే కన్నీరు, ఆవిరి కూడా. కవులు మొదటి అర్థం తీసుకున్నారు, సైన్సు రెండోది తీసుకుంది. బాష్ప + ఉత్సేకం, గుణసంధి. ఇక సేకం అంటే తడపడం, పోయడం. సిచ్ ధాతువు నుంచి వచ్చింది. అభిషేకంలో ఉన్నది ఈ సేకమే. ‘అభి’ పక్కన చేరి స కాస్తా ష అయింది. ‘ఉత్’ అంటే పైకి. కాబట్టి ఉత్సేకం అంటే పైకి పొంగడం, పొంగిపొర్లడం. గర్వానికి కూడా ఉత్సేకం అనే పేరుంది, మనసు పొంగడమే కదా అది.

ఇప్పుడు మొక్క దగ్గరికి రండి. బాష్పీభవనం చెరువులోనూ జరుగుతుంది, దండెం మీది తడిబట్టలోనూ జరుగుతుంది. బాష్పోత్సేకం, అంటే మొక్క ఆవిరి వదలడం, బతికున్న మొక్కలోనే. ఆకు మీది పత్రరంధ్రాలను రక్షక కణాలు తెరుస్తూ, మూస్తూ దాన్ని చాలావరకు అదుపులో పెడతాయి. ఆకుల్లోంచి ఆవిరి పోతున్నకొద్దీ దారువులో, అంటే వేరు నుంచి నీటిని మోసే కణజాలంలో, ఉన్న నీరు పైకి లాగబడుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ నీటి ధార తెగదు. 1894లో డిక్సన్, జాలీ చెప్పిన సిద్ధాంతం ఇదే. వేరు నుంచి చిటారు కొమ్మ దాకా నీరు ఎక్కడానికి ముఖ్యమైన బలం ఈ లాగుడే. అందుకే ఆ ‘ఉత్’ అక్కడ ఉండటం నాకెంతో ఇష్టం.

ల్యాబ్‌లో కోబాల్ట్ క్లోరైడ్ కాగితం ప్రయోగం చేసేటప్పుడు అమ్మాయిని జాగ్రత్తగా చూడమనండి. పొడిగా ఉన్నప్పుడు నీలంగా ఉండే కాగితం తేమ తగిలి గులాబీ రంగులోకి మారుతుంది. మందార ఆకుకైతే అడుగువైపు ముందు మారుతుంది, పత్రరంధ్రాలు అక్కడ ఎక్కువ కాబట్టి.

—

వివరణ బాగుంది మేడమ్. కానీ పిల్లలకు ఇంత సంస్కృతం అవసరమా? తమిళంలో ‘నీరావిప్పోక్కు’ అంటారు, నీటి ఆవిరి పోవడం అని వినగానే తెలిసిపోతుంది. మనమూ ‘ఆకు ఆవిరి’ అనుకోవచ్చుగా?

—

తమిళ మాటకున్న ఆ సుఖం మన మాటకు లేదు, ఒప్పుకుంటాను. అయితే ‘పోక్కు’ అంటే పోవడం, హిందీవాళ్ల ‘వాష్పోత్సర్జన్’లో ఉత్సర్జన అంటే విడిచిపెట్టడం. రెండూ బయటికి పోవడమే చెబుతున్నాయి. పైకి పొంగడం మన మాటలోనే ఉంది. పైగా ‘ఆకు ఆవిరి’ అంటే కాండం మీది వాయురంధ్రాల నుంచి పోయే కాస్త ఆవిరి లెక్కలోకి రాదు. క్లాసులో మొదట ‘మొక్క ఆవిరి వదలడం’ అనే చెబుతాను, ఆ తర్వాతే బోర్డు మీద సంధి విడదీస్తాను. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో రాసే పిల్లలకు పుస్తకంలోని మాట ఎలాగూ గుర్తుండాలి.

—

ఒక్క మాట. చాలామంది ‘భాష్పం’ అని రాస్తున్నారు. బ కి ఒత్తు లేదు, ‘బాష్పం’.

—

అందరికీ ధన్యవాదాలు. అభిషేకం సంగతి చెప్పగానే మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. వెంటనే “అయితే బిందుస్రావంలో స్రావం అంటే కారడం. అక్కడ ఆవిరి కాదు, నీటిచుక్కలే కారతాయి” అని తనే విడదీసుకుంది. రేపు తెల్లవారుజామున లేపమంది, పెరట్లో చేమాకుల కొసలకు చుక్కలు ఉంటాయేమో చూస్తుందట.