బాకా కొత్తది, మోటారు పాతది: దీనిని పురాతన గ్రామఫోను అని అమ్మవచ్చునా?

గంటస్తంభం (విజయనగరం):

క్రిందటి నెల మా ఊళ్ళో ఒక బంధువు గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, చదివింపుల మధ్య ఒక గ్రామఫోను కనిపించింది. తళతళలాడే ఇత్తడి బాకా, నగిషీ చెక్కిన చెక్క పెట్టె, పెట్టె ముఖాన కుక్క బొమ్మ ఉన్న రేకు, దారంతో కట్టిన చీటీ మీద "1905 నాటి పురాతన వస్తువు" అన్న మాట. ఇంటివారిని అడిగి కీ ఇచ్చి, ప్లేటు మీద పిన్ను దించబోతూ, పిన్ను కదలికను ధ్వనిగా మార్చే సౌండ్ బాక్సును కొంచెం తిప్పి చూశాను. దాని మీద "5బి" అని ఉంది. 1905 నాటి సౌండ్ బాక్సులో కంపించే బిళ్ళ అభ్రకానిదై ఉండాలి. ఇందులో ఉన్నది లోహపు రేకు. ఈ రకం సౌండ్ బాక్సు 1930 దశకంలో హెచ్‌ఎంవి కంపెనీ వారి 102 అనే, బయటికి బాకా లేని నల్లటి చేతిపెట్టె గ్రామఫోనుతో వచ్చింది. మిగిలిన బాకా, పెట్టె నిన్న మొన్న చేసినవే. బహుమతి ఇచ్చిన పెద్దమనిషి మంచి మనసుతో, పెద్ద మొత్తం పెట్టి కొన్నారు కనుక ఆ రోజు నేను నోరు విప్పలేదు.

ముంబయి చోర్ బజారులోను, హైదరాబాదు జుమ్మేరాత్ బజారులోను, దేశాలు దాటి పారిస్ సెంట్ ఊఆన్ సంతలోను, లండన్ పోర్టొబెల్లో రోడ్డులోను ఇటువంటివి కనిపిస్తూనే ఉన్నాయి. వీటిని పురాతన వస్తువులని పిలవడం న్యాయమేనా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

నాగావళి (శ్రీకాకుళం):

గంటస్తంభం గారికి నమస్కారం. మా నాన్నగారు శ్రీకాకుళంలో గడియారాలతో పాటు గ్రామఫోను పెట్టెలు కూడా బాగుచేసేవారు. రేడియో, ఆ తరువాత టేప్ రికార్డరు వచ్చాక జనం ఆ పెట్టెలను తిరిగి తీసుకుపోవడమే మానేశారు. నల్ల పెట్టెను తూకానికి తప్ప ఎవరూ అడగని రోజులను నేను కళ్ళారా చూశాను. తూకానికి పోవలసిన మోటారును ఒక పనివాడు ఇత్తడి బాకాకు జతచేసి మళ్ళీ పాడిస్తే, అతను దానిని బ్రతికించాడని అనాలి కాని చంపాడని అనకూడదు.

మన జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పని తరతరాలుగా సాగుతోంది. లోహాన్ని సాగగొట్టి బాకాగా మలచడం ఎంత కష్టమో ఆ పని చూసినవారికి తెలుస్తుంది. అటువంటి చేతిపనిని దొంగ సరుకు అంటే నాకు బాధ కలుగుతుంది.

మరొక సంగతి. గ్రామఫోను ఏనాడూ ఒక్క చోట తయారైన వస్తువు కాదు. స్విట్జర్లాండులోని సెంట్ క్రా అనే చిన్న ఊళ్ళో థోరెన్స్, పయార్ వంటి కంపెనీలు చేసిన మోటార్లు ఎన్నో దేశాల పెట్టెలలో చేరాయి. స్ప్రింగు తెగితే మరొకటి వేసేవారు, సౌండ్ బాక్సు పాడైతే దొరికినది తగిలించేవారు. పుట్టుకతోనే కలగాపులగమైన వస్తువులో ఇది అసలు, ఇది నకలు అని గీత ఎక్కడ గీస్తాం?

బొబ్బిలి వీణ (బొబ్బిలి):

చట్టం మాట ఒకటి గుర్తుచేస్తాను. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చరిత్రపరంగా విలువ ఉండి, నూరేళ్ళు నిండిన వస్తువే పురావస్తువు. దానిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. 102 పెట్టె 1931లో వచ్చింది కనుక, ఆ రకంలో అన్నిటికంటే పాతదానికైనా ఇంకా నూరేళ్ళు నిండలేదు. కాబట్టి చీటీ మీద 1905 అని వేయడం చిన్న పొరపాటు కాదు.

గంటస్తంభం (విజయనగరం):

నాగావళి గారూ, మీ నాన్నగారి వంటి పనివారి మీద నాకు గౌరవమే ఉంది. నా అభ్యంతరం ఇత్తడి పని మీద కాదు, చీటీ మీద. ఆ చీటీ వలన ఏం జరుగుతున్నదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

గ్రామఫోను మొదట బజారుకు వచ్చింది ఆటవస్తువుగా. గ్రామఫోనును కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు కోరిన యంత్రాన్ని, రెండు మూడేళ్ళ తరువాత జర్మనీలో ఒక బొమ్మల కంపెనీ అయిదంగుళాల ప్లేట్లతో పిల్లల కోసం అమ్మింది. దానిని చేత్తో తిప్పుతూనే ఉండాలి. అమెరికా పనివాడు ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్, కీ ఇస్తే తనంతట తిరిగే స్ప్రింగు మోటారు కుదిర్చాక అది పెద్దల గదిలోకి వచ్చింది. గది మధ్యన అంత బాకా అడ్డమనిపించి, 1906లో విక్టర్ కంపెనీ బాకాను పెట్టెలోపలికి మడిచి విక్ట్రోలా అనే పేరుతో 200 డాలర్లకు అమ్మింది. అంటే ఆనాటి కొనుగోలుదారు బాకా కనపడకుండా ఉండటానికి ఎక్కువ డబ్బు పెట్టాడు; ఈనాటి కొనుగోలుదారు అది కనపడటానికే పెడుతున్నాడు. ఆనాటి పెద్ద బాకాలు కూడా చాలావరకు రంగు వేసిన ఇనుప రేకువి, కొన్ని చెక్కవి. అద్దంలా మెరిసే పెద్ద ఇత్తడి పువ్వు ఈనాటి కోరికకు తగినట్లు చేసినది.

ఇక మన దేశం సంగతి. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు, ప్లేట్లు అచ్చు కావడానికి జర్మనీలోని హానోవర్ దాకా పోవలసి వచ్చింది. ఆ కాలపు బాకా యంత్రం ఏ జమీందారు మేడలోనో ఉండేది. మన పల్లెలకు వచ్చినది ఆ తరువాతి నల్ల రెక్సిను పెట్టె. మూత తెరిచి, పక్కన కీ దూర్చి తిప్పి, ప్రతి వైపుకు ఒక కొత్త పిన్ను వేసి మూడు నిమిషాలు వినేవారు. పద్యనాటకాల ప్లేట్లు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ మా తాతల తరం విన్నది ఈ పెట్టెలలోనే. విజయనగరం సంగీత కళాశాల గడప ఎక్కనివారికి కూడా ఆ వయొలిన్ అందింది ఇందువల్లనే. పైగా పడమటి దేశాలలో 1960 నాటికే దాదాపు ఆగిపోయిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ ప్లేట్లు మన దగ్గర ఆ దశకం చివరి దాకా వస్తూనే ఉన్నాయి. అందుకని మన ఇళ్ళలో నల్ల పెట్టెలు ఎక్కువ కాలం బ్రతికాయి, విడిభాగాలు ఎక్కువగా మిగిలాయి. నకలు బాకాల వ్యాపారానికి ముడిసరుకు అదే.

ఇక్కడే నా బాధ. ఒక నకలు బాకా యంత్రానికి మోటారు, సౌండ్ బాక్సు కావాలంటే ఒక నల్ల పెట్టెను విప్పాలి. మా పెదనాన్నగారి పెట్టె రాజాం దగ్గర మా పల్లెలో అటక మీద ఉండేది. సైకిలు మీద వచ్చిన పాతసామాన్ల వ్యాపారి దానిని కొని, మా వీధి అరుగు మీదనే స్క్రూలు విప్పి, మోటారును, సౌండ్ బాక్సును గోనెసంచిలో వేసుకున్నాడు. ఖాళీ పెట్టెను నాకు ఇచ్చి ఆడుకోమన్నాడు. మూత లోపలి వైపు పెదనాన్నగారు పెన్సిలుతో రాసుకున్న ప్లేట్ల జాబితా ఉంది. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది, పాడే భాగం లేదు.

మీరు తూకం మాట చెప్పారు. అది ఆనాటికి నిజమే. ఇప్పుడు మాత్రం మోటారుకు ధర వచ్చింది గనుకనే బాగా పాడుతున్న పెట్టెలను కూడా విప్పుతున్నారు. ఉన్న చరిత్రను కోసి, లేని చరిత్రకు అతుకు వేస్తున్నారు. స్ప్రింగు తెగితే మరొకటి వేయడం మరమ్మతు. ఆ పెట్టె ఆ పెట్టెగానే మిగులుతుంది. పెట్టెనే లేకుండా చేసి, పుట్టిన సంవత్సరం మార్చి రాయడం మరమ్మతు కాదు. గీత అక్కడ గీస్తాను.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. చేసినవారు దానిని కొత్త వీణగానే, గర్వంగా అమ్ముతారు. బాకా చేసినవారు కూడా "బాకా, పెట్టె కొత్తవి, మోటారు 1930ల తరువాతిది" అని రాసి అమ్మితే, ఆ ఇత్తడి పనికి నేనే మొదట చేయెత్తి మొక్కుతాను.

నాగావళి (శ్రీకాకుళం):

మీరు మూత లోపలి జాబితా మాట చెప్పాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చీటీ మీద నిజం రాయాలన్న మాటకు ఒప్పుకుంటున్నాను. కొత్త బాకా యంత్రాలే వద్దన్న అర్థం అందులో ఉంటే మాత్రం దానికి ఒప్పుకోను.

మా నాన్నగారి దుకాణం నుంచి వచ్చిన నల్ల పెట్టెలు మా ఇంట్లో రెండు ఉన్నాయి. ఒకదాని చెక్క చెదలు తినేసింది, మోటారు మాత్రం చక్కగా తిరుగుతోంది. రెండవదానికి పెట్టె గట్టిగానే ఉంది, స్ప్రింగు తెగింది. నిరుడు ఒక వ్యాపారి ఆ మోటారు అడిగితే ఇద్దామనుకున్నాను. ఇప్పుడు దానిని రెండవ పెట్టెలో వేయించాలని ఉంది. విజయనగరంలో ఆ పని తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ ఆదివారమే రెండు పెట్టెలూ తీసుకుని వస్తాను.