పాత కళాశాల గోడలకు సిమెంటు గిలాబా ఊడుతోంది: మళ్లీ డంగు సున్నమే వేయాలా?

పాలమూరు పూర్వ విద్యార్థి:
వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తున్నట్టే, మా కళాశాల కూడా సంస్థానాల కాలంనాటి భవనంలోనే నడుస్తోంది. గోడలు ఇటుక, డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగలో ఆడించిన సున్నంతో) కట్టినవి. కొన్నేళ్ల కిందట మరమ్మతుల పేరిట బయటివైపు సిమెంటు గిలాబా చేసి, ప్లాస్టిక్ రంగు వేశారు. ఇప్పుడు గోడల కింది భాగాన తెల్లగా ఉప్పు పేరుకుంటోంది; పెచ్చులతోపాటు ఇటుక కూడా పొడిగా రాలుతోంది. కమానుల చుట్టూ గారతో మలచిన లతల నగిషీలు ఇంకా మిగిలే ఉన్నాయి గనుక, అవి పోకముందే పూర్వ విద్యార్థులమంతా కలిసి బాగుచేయించాలని గట్టిగా అనుకుంటున్నాము. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

విశ్రాంత ఇంజినీరు, నల్లగొండ:
సున్నపు గోడ నేల నుంచి, వాన నుంచి చెమ్మను పీల్చుకున్నా ఎండ కాయగానే వదిలేస్తుంది. సిమెంటు, ప్లాస్టిక్ రంగు ఆ దారిని మూసేయడంతో నీటిలో కరిగిన లవణాలు గిలాబా వెనకే స్ఫటికాలుగా గట్టిపడి, మెత్తనైన పాత ఇటుకను పగలగొడతాయి. కనుక సిమెంటు తీయవలసిందే. అయితే ముందు నీటి సంగతి చూడండి: డాబా వాలు, తూములు, పిట్టగోడ పగుళ్లు, గోడ మొదట్లో నిలిచే నీరు. ఇవి సరిచేయకపోతే ఎంత మంచి సున్నమైనా నిలవదు. పిట్టగోడలో రావి మొలిచి ఉంటే పీకవద్దు, దానితోపాటు ఇటుకలు కదిలివస్తాయి; మొదలు కోసి, వేరు చచ్చిన తరువాతే సందు నింపించండి.

సున్నపు పనుల మేస్త్రీ, వనపర్తి:
పెద్దలు చెప్పింది నిజమే కానీ, గోడ మొత్తం ఒక్కసారే చెక్కవద్దని నా మనవి. ముందు ఒక్క కమాను మేర చేసి, ఒక వానకాలం గడిచాక చూడండి. సిమెంటును ఉలి, చిన్న సుత్తితోనే తీయించాలి. డ్రిల్లింగ్ యంత్రం అదురుకు గార పని రాలిపోతుంది. పాత సున్నపు ముక్కను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయిస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది, దానినిబట్టి పాళ్లు తెలుస్తాయి. సున్నాన్ని నీళ్లలో వారాల తరబడి మాగబెట్టి, ఇసుకతో గానుగలో ఆడించాలి, ఉప్పునీరు వాడకూడదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది గనుక, మన వేసవి ఎండల్లో ఈ పని పెట్టుకోకండి. చలికాలంలో తడి గోనెలు కప్పి చేయించి, పైన పలుచని సున్నపు పూతలే వేయించండి.

విశ్రాంత ఇంజినీరు, నల్లగొండ:
మేస్త్రీగారి సలహాయే పాటించండి. టెండరు పత్రంలో డంగు సున్నం పాళ్లు, మాగబెట్టే కాలం స్పష్టంగా రాయించండి, లేకుంటే మళ్లీ సిమెంటే కలుపుతారు. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద ఆ భవనానికి రక్షణ ఉందేమో కూడా కనుక్కోండి; ఉంటే అనుమతి వచ్చేవరకు ఉలి పెట్టనివ్వకండి.