పగిలిన హెడ్‌లైట్: కొత్తది వేయాలా, అతికించి ఫిల్మ్ వేయాలా?

హన్మకొండ జెడ్4:
అన్నలూ, ఒక పంచాయితీ తెంపండి. నాది 2011 బీఎండబ్ల్యూ జెడ్4, జెనాన్ (గ్యాస్‌తో వెలిగే రకం) లైట్లు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పోయిన ఆదివారం కరీంనగర్ నుంచి వస్తుంటే, హుజూరాబాద్ దాటాక రోడ్డు పనులు జరిగే చోట కంకర టిప్పర్ వెనక ఇరుక్కున్నా. ఒక రాయి లేచి కుడి హెడ్‌లైట్‌కు తగిలింది. లెన్స్ (ముందున్న పారదర్శక కవర్) మీద వేలెడు పొడవు పగులు. మొన్నటి వానకు లోపల నీటి చుక్కలు కూడా కనపడ్డాయి. ఎడమది పగల్లేదు గానీ పసుపెక్కి మసకబారింది.

మూడు దార్లున్నాయి. షోరూమ్‌లో కొత్త డూమ్, అంటే మొత్తం హెడ్‌లైట్ సెట్టు. వాళ్లు చెప్పిన రేటుకు పాత మారుతి కారే వస్తుంది. రెండోది, హైదరాబాద్‌లో ఒకాయన దుబాయ్ నుంచి వచ్చిన వాడిన జతను అందులో సగం కంటే తక్కువకే ఇస్తానంటున్నాడు. మూడోది, ఇక్కడి డెంటింగ్ షాపతను పగులు అతికించి, రెండూ పాలిష్ చేసి, పైన పీపీఎఫ్ (గీతలు పడకుండా అంటించే పారదర్శక ఫిల్మ్) వేస్తే కొత్తవాటిలా ఉంటాయంటున్నాడు. నా మనసు మూడోదాని మీదే ఉంది.

కాజీపేట డీజిల్:
తమ్మీ, మసక వేరు, పగులు వేరు. మసక పైపొర జబ్బు, పాలిష్‌తో పోతుంది. పగులు లెన్స్ మందమంతా దిగింది కాబట్టే నీళ్లు లోపలికి పోయాయి. లెన్స్ ప్లాస్టిక్, అంటే పాలీకార్బనేట్, ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. నువ్వు పెట్టిన గమ్ము దాంతో పాటు సాగదు. మే నెలలో మన దగ్గర బయట నిలబెట్టిన కారు ఎంత కాలుతుందో తెలుసు కదా. రెండు ఎండాకాలాలకు మళ్లీ నోరు తెరుస్తుంది.

ఇంకో సంగతి. జెనాన్ బల్బు వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైనే పుడుతుంది. దాని పక్కన నీళ్లు ఉంచుకుంటావా? ఆ బల్బుకు కరెంటు ఇచ్చే బల్లాస్ట్ పోతే అది వేరే ఖర్చు. రిఫ్లెక్టర్ మీది వెండి రంగు పూత చెమ్మకు ఒక్కసారి లేచిందంటే ఏ పాలిష్ పనిచేయదు. కొత్తదే వెయ్యి.

నయీంనగర్ 07:
అన్నా, అంత భయపెట్టకు. నా కారుకు బంపర్ అంచు దగ్గర లెన్స్ మూల పగిలితే సీల్ చేయించా. మూడేళ్లయింది, చుక్క నీరు పోలేదు. పగులు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. మూలకు ఉంటే అతికించొచ్చు. డిమ్ లైట్ బయటికి వచ్చే దారిలో ఉంటే మాత్రం ఆ గీత వెలుగును చెదరగొట్టి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. జెడ్4, ఫొటో పెట్టు.

ఇంకోటి, చలికాలం పొద్దున లోపల పలచటి ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే భయం లేదు. డూమ్‌కు గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి. చుక్కలు కట్టి కిందికి జారితేనే రోగం.

హన్మకొండ జెడ్4:
ఫొటో పెట్టాను. పగులు సరిగ్గా ప్రొజెక్టర్ (వెలుగును ముందుకు పంపే లోపలి గుండ్రటి భాగం) ముందే ఉంది. చుక్కలు జారుతున్నాయి కూడా.

నయీంనగర్ 07:
అయితే నా మాట వెనక్కి తీసుకుంటా. కుడిది మార్చాల్సిందే. ఎడమది మాత్రం మార్చకు, అది శుద్ధ దండగ. 800 వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 3000 దాకా తడిపి రుద్ది, కాంపౌండ్ కొడితే అద్దంలా అవుతుంది. పైన యూవీ కోటింగ్ గానీ ఫిల్మ్ గానీ తప్పదు. కంపెనీ వేసిన గట్టిపూతను మనమే గీకేశాం కదా, ఊరికే వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపు. టూత్‌పేస్ట్ వీడియోలు చూసి మోసపోకు. దోమల మందు స్ప్రే కొట్టేవాళ్లూ ఉన్నారు. అది పూతను కరిగించి ఆ పూటకు మెరిపిస్తుంది, తర్వాత లెన్స్ నెర్రెలు విచ్చుతుంది.

గ్రానైట్ బిడ్డ:
మాకు లారీలున్నాయి కాబట్టి నన్ను తిట్టుకుంటారేమో. పట్టా కప్పని టిప్పర్‌ది తప్పే, కాదనను. కానీ జెడ్4 ముక్కు ఎంత ఎత్తులో ఉంటుంది? నేల మీంచి లేచిన ప్రతి రాయికీ మొదట దొరికేది అదే. మా డ్యూయల్ టైర్ల మధ్య ఇరుక్కున్న కంకర ఎప్పుడు ఊడుతుందో డ్రైవర్‌కు కూడా తెలియదు. 100 స్పీడులో మీరే వచ్చి గుద్దుకున్నంత దెబ్బ. వంద మీటర్లు దూరం ఉండండి, ఏ ఫిల్మూ అక్కర్లేదు.

ఇక ఫిల్మ్. మామూలు పీపీఎఫ్ మందం 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. అది గోళీకాయంత కంకరను ఆపుతుందా?

వరంగల్ ఫిల్మ్ పని:
ఆపదు. మా పనే ఇది, అయినా ఆపుతుందని చెప్పను. ఎవరైనా చెప్తే ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి. ఫిల్మ్ పనికొచ్చేది ఇసుక దెబ్బలకు, చిన్న రాళ్ల చుక్కలకు, ఎండకు. ములుగు రోడ్డులో ఇసుక లారీల వెనక రోజూ తిరిగే కారు లెన్స్ చూడండి, పేపర్‌తో రుద్దినట్టే ఉంటుంది. ఆ దెబ్బ ఫిల్మ్ తీసుకుంటుంది. పాడైతే పీకి వేరేది వేస్తాం.

రెండు జాగ్రత్తలు. టీపీయూ (సాగే గుణమున్న ప్లాస్టిక్) ఫిల్మే అడగండి. చవక పీవీసీ తొందరగా పసుపెక్కుతుంది, అప్పుడు లెన్స్ బాగుండీ లైటు మసక. రెండోది, స్మోక్, పసుపు ఫిల్మ్‌లు వద్దు. స్టైల్ కోసం వేయించుకుని, రాత్రి కనపడట్లేదని వారానికే పీకించుకున్నవాళ్లున్నారు. 2012లో సుప్రీంకోర్టు వద్దన్నది అద్దాల మీది ఫిల్మ్‌లను, ఆ తీర్పు లైట్ల మీది క్లియర్ ఫిల్మ్ గురించి కాదు. ఇది ఎప్పుడూ వచ్చే ప్రశ్న కాబట్టి ముందే చెప్తున్నా.

కాజీపేట డీజిల్:
సరే, రాయి ఆపదని నువ్వే ఒప్పుకున్నావు. మరి కొత్త డూమ్ మీద ఫిల్మ్ ఎందుకు? కంపెనీ పూత పదేళ్లు వస్తుంది.

వరంగల్ ఫిల్మ్ పని:
నీడలో ఉండే కారుకు వస్తుందన్నా. ఎండలో ఉండేదానికి రాదు. అదే కారు ఎడమ లైటే సాక్ష్యం.

రాత్రి డ్యూటీ:
అందరూ పాలిష్ గురించి కొట్లాడుతున్నారు, ఆ దుబాయ్ జతను ఎవరూ అడగట్లేదు. అక్కడ బండి కుడివైపు నడుస్తుంది. వాళ్ల డిమ్ లైటు కుడి అంచున పైకి లేస్తుంది. అది మన రోడ్డు మీద పెడితే ఆ లేచిన ముక్క నేరుగా ఎదుటి డ్రైవర్ కళ్లలోకే. నేను రాత్రిళ్లు బస్సు నడుపుతా, ఆ బాధ నాకు తెలుసు.

లెన్స్ మీద ఈ-మార్క్ (వృత్తంలో E అక్షరం ఉన్న ఆమోద ముద్ర) దగ్గర చూడు. లైటుకు ఎదురుగా నిలబడితే కుడికి చూపే బాణం ఉంటే ఎడమవైపు నడిచే దేశాలకు, అంటే మనకు. రెండువైపులా బాణం ఉంటే ఎక్కడైనా సరే. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలది.

నయీంనగర్ 07:
కొన్ని ప్రొజెక్టర్లలో కుడివైపు, ఎడమవైపు నడిచే రోడ్లకు తగ్గట్టు మార్చే మీట ఉంటుంది కదా?

రాత్రి డ్యూటీ:
కొన్నింటిలో ఉంటుంది. అది చాలావరకు ఆ లేచిన ముక్కను తొక్కిపెడుతుంది అంతే, మన వైపుకు తిప్పదు. అప్పుడు నీ ఎడమ అంచున నడిచే మనిషి, ఎడ్లబండి కనపడరు.

హన్మకొండ జెడ్4:
ఇప్పుడే వీడియో కాల్‌లో చూపించమన్నా. బాణం లేదు. "ఇక్కడ ఎంతోమంది వేసుకుంటున్నారు" అన్నాడు. వద్దని చెప్పేశా.

మరి ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయొచ్చా?

సుబేదారి పాలసీ:
చేయొచ్చు, కానీ లెక్క వేసుకోండి సార్. ప్లాస్టిక్ పార్టులకు 50 శాతం తరుగుదల తీస్తారు. ఇంత పాత బండికి జీరో డెప్ (తరుగుదల తీయని పాలసీ) దొరకడం కష్టం. 1500 సీసీ దాటిన కారుకు ఇంకో 2000 రూపాయలు మీ జేబు నుంచే. పైగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకు వస్తుంది. మీకు 50 శాతం బోనస్ నడుస్తుంటే ఈసారి, ఆపై నాలుగేళ్ల ప్రీమియంలో ఎంత పోతుందో చూసి నిర్ణయించుకోండి. ఎడమ లైటు పసుపు మాత్రం అరుగుదల కిందికి వస్తుంది, దానికి రూపాయి రాదు.

హన్మకొండ జెడ్4:
బోనస్ 20 శాతమే ఉంది. సగం వచ్చినా లాభమే. కుడిది క్లెయిమ్‌లో కొత్తది, ఎడమది పాలిష్, రెండింటికీ ఫిల్మ్. డీజిల్ అన్నా, కోపం వద్దు.

కాజీపేట డీజిల్:
కోపమేం లేదు, కొత్తదాని మీద ఫిల్మ్ దండగే అని రాసిపెట్టుకో. బల్బులు మాత్రం రెండూ ఒకేసారి మార్చు. పాత జెనాన్ రంగు మారి ఉంటుంది, ఒక కన్ను తెల్లగా, ఒక కన్ను నీలంగా కనపడుతుంది. బిగించాక గోడ మీద ఎత్తు సరిచూసుకో. సాధారణంగా 1 శాతం వాలు ఉండాలి, పది మీటర్ల దూరానికి పది సెంటీమీటర్లు కిందికి.

గ్రానైట్ బిడ్డ:
గోడ కావాలంటే మా యార్డుకు రా, సున్నం వేసిన పొడుగు గోడ ఉంది, నేల కూడా సమంగా ఉంటుంది. చీకటి పడ్డాక రా. టిప్పర్లకు దూరంగా నిలబెట్టుకో.

నయీంనగర్ 07:
ఆ పగిలిన డూమ్ పారేయకు, లోపలి ప్రొజెక్టర్ నాకు కావాలి.

సుబేదారి పాలసీ:
క్లెయిమ్ చేస్తే పాత పార్టు సర్వేయర్ (నష్టం చూసి లెక్కగట్టే ఇన్సూరెన్స్ మనిషి) అడగొచ్చు. ముందే ఎవరికీ మాట ఇవ్వకండి.